కాలువ కట్ట మీద సైకిల్: నల్గొండ, పాలమూరు పల్లెదారుల్లో తొక్కాలనుకునే వారికి సమగ్ర మార్గదర్శి

హాలియా దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట ఎక్కి పది నిమిషాలు తొక్కితే ఒక సంగతి కాళ్లకే తెలిసిపోతుంది. చుట్టూ గుట్టలున్నాయి, కానీ ఎక్కడా ఎక్కుడు తగలదు. నీళ్లు వాటంతట అవే పారాలి కాబట్టి కాలువను గుట్టల అంచుల వెంట, దాదాపు ఒకే ఎత్తులో, వంపులు తిప్పుకుంటూ తవ్వారు. నీటికి ఏది సులువో సైకిల్‌కూ అదే సులువు. గేర్లు లేని పాత సైకిల్ మీద, యాభై దాటిన మోకాళ్లతో కూడా గుట్టల మధ్య రోజంతా తిరగగల చోటు మన జిల్లాల్లో ఇదొక్కటే అని నా నమ్మకం.

ద్రాక్ష తోటల కొండల్లో సైకిల్ యాత్రల ఫొటోలు చూసి, మనకు అలాంటివి ఎక్కడున్నాయని చాలామంది అడుగుతుంటారు. మన దగ్గర ద్రాక్ష పందిళ్లు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలే పెరిగాయి. నల్గొండకు బత్తాయి ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూత మీదున్న సాత్గుడి రకం బత్తాయి తోట పక్కనుంచి తెల్లవారుజామున ఒక్కసారి సైకిల్ మీద వెళ్లండి. ఆ వాసన కోసం మళ్లీ వస్తారు.

ముందు కాలువను అర్థం చేసుకోండి

దారి వెతకడం కంటే ముందు చేయాల్సిన పని ఇది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, మన వైపున్న ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఎడమ కాలువ, డ్యామ్ దగ్గర మొదలయ్యే చోట 11,000 క్యూసెక్కుల నీళ్లు పారేలా కట్టిన పెద్ద కాలువ. దాని నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు, మైనర్ల నుంచి తూముల ద్వారా పొలాలకు నీళ్లు పోతాయి.

సైకిల్ తొక్కేవారికి ఈ వరస తెలియాలి, ఎందుకంటే కట్ట వెడల్పు దాన్నిబట్టే ఉంటుంది. మెయిన్ కాలువకు కనీసం ఒక వైపు జీపు పోయేంత బాట ఉంటుంది. మేజర్ల మీద ట్రాక్టర్ పడుతుంది. మైనర్ల మీద కాలిబాటే, అదీ చాలాచోట్ల తుమ్మలు కమ్మేసి ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు మైనర్ల జోలికి పోవద్దు.

ఇంకో గుర్తు చెబుతాను. ఎడమ కాలువ వెంట నీళ్లు పారే దిక్కుకు వెళ్తుంటే కుడి పక్కన, అంటే కృష్ణ వైపు, ఆయకట్టు ఉంటుంది. వరి మళ్లు, ఊర్లు, టీ కొట్లు అటే. ఎడమ పక్కన ఎగువ భూమి. అక్కడ చెలకలు, గుట్టలు, బోర్ల మీద పెంచిన తోటలు, సెప్టెంబరులో అయితే విరగబూసిన తంగేడు. ఒక కట్టకు అటు ఇటు రెండు వేరు వేరు బతుకులు కనిపిస్తాయి. దారి తప్పామనిపిస్తే పచ్చగా ఉన్న వైపు దిగండి, ఊరు తగులుతుంది.

నెల చూసి బయలుదేరండి

కాలువ దారికి రెండు క్యాలెండర్లు చూడాలి. ఒకటి ఎండది, ఒకటి పంటది.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే. మే నెలలో నల్గొండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారి ఐదున్నరకు బయలుదేరి తొమ్మిదిలోపు నీడకు చేరిపోవాలి. ఆ నెలల్లో దొరికే ఒకే ఒక్క సుఖం దారి పక్కన తాటి ముంజలు.

పంట క్యాలెండర్‌ను మాత్రం చాలామంది పట్టించుకోరు. సాగర్ నిండిన ఏడాది వానాకాలం పంటకు నీళ్లు సాధారణంగా ఆగస్టు ప్రాంతంలో వదులుతారు. యాసంగికి డిసెంబరు, జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా పారుతాయి. మధ్యలో వారబందీ ఉంటుంది, అంటే కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపుతారు. నిండుగా పారే కాలువ చూడాలంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు, లేదంటే జనవరి, ఫిబ్రవరి. నాకైతే ఫిబ్రవరే ఇష్టం. నీళ్లు, బత్తాయి పూత, చలి తగ్గిన పొద్దు, మూడూ ఒకేసారి దొరికే నెల అది.

నవంబరు ఎంత చల్లగా ఉన్నా ఒక చిక్కు ఉంది. వరి కోతలైపోయి ఊరి రోడ్లన్నీ వడ్లతో నిండుతాయి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆ రాళ్లు పొద్దుగూకాక కనిపించవు. వడ్ల మీద సైకిల్ చక్రం ఇసుకలో జారినట్టే జారుతుంది. ఆరు నెలల కష్టం మీద నుంచి చక్రం పోనివ్వడం ఎలాగూ తగని పని. దిగి నడిపించండి. నవంబరులో, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్‌లో, చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద తొక్కొద్దు.

గాలి గురించి ఒక మాట. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది, పాలమూరు వైపు మరీను. ఆ నెలల్లో పోయి వచ్చే ప్రయాణమైతే ముందు పడమటికి వెళ్లండి. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు ఎదురుగాలి భరించి, అలసిపోయాక గాలి వీపున పెట్టుకుని ఇంటికి రావచ్చు.

సైకిల్ ఎలా ఉండాలి

కొత్తది కొనక్కర్లేదు. ఉన్నదాన్ని సర్దుకోండి. సన్న టైర్ల రోడ్డు సైకిల్ కట్ట మీద పనికిరాదు. మొరం బాట, మధ్యలో గులకరాళ్లు. 35 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు ఉంటే బాగుంటుంది. మామూలు ఇరవైయారు అంగుళాల సైకిల్ టైరు కూడా నడుస్తుంది. బ్రేకులు రెండూ పట్టాలి, ఎందుకంటే మోటార్ల పైపులు కట్టకు అడ్డంగా వేసి ఉంటాయి. నల్ల పైపు చెట్టు నీడలో పడి ఉంటే పది అడుగుల దూరంలోకి వచ్చేదాకా కంటికి ఆనదు.

అసలు శత్రువు ముల్లు. సర్కారు తుమ్మ కట్టల పొడవునా ఉంటుంది. గొర్ల కాపర్లు కొమ్మలు నరికి మేపిన చోట ముళ్లు బాట మీదే ఉంటాయి. దానికి తోడు పల్లేరు కాయలు. మొదటి ఏడాది ఒక్క ట్యూబుతో బయలుదేరి, పెద్దదేవులపల్లి దాటాక రెండు చక్రాలూ ఒకేసారి పోగొట్టుకుని, మిర్యాలగూడ దాకా ధాన్యం ట్రాక్టర్ మీద వచ్చాను. అప్పటి నుంచి రెండు ట్యూబులు, పంక్చర్ సామాను, చేతి పంపు, టైరు తీసే రెండు ప్లాస్టిక్ పట్టీలు లేకుండా కదలను. టైరులో సీలెంట్ ద్రవం పోయించుకుంటే సగం ముళ్ల బాధ పోతుంది. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలి పక్క వేలితో నెమ్మదిగా తడిమి ముల్లు తీయండి. ముల్లు ఉండగానే కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది.

మట్టి రంగు చూసి నడవడం నేర్చుకోండి. ఎర్ర చెలక బాట వాన వెలిసిన కొన్ని గంటలకే ఆరుతుంది. నల్లరేగడి అయితే చక్రానికి, బ్రేకుకు మధ్య ముద్ద కట్టి సైకిల్‌ను కదలనివ్వదు. వాన పడ్డాక రేగడి బాటకు రెండు రోజులు గడువివ్వండి.

నీళ్లు, తిండి

నల్గొండలో బోరింగు కనిపించిన చోటల్లా సీసా నింపుకోవద్దు. ఈ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊర్లలో ఆ నీళ్లు తరాల ఎముకలు వంచాయి. ఒక పూట తాగితే మీకేమీ కాకపోవచ్చు, కానీ ఆదివారం ఆదివారం అదే దారిలో తిరిగే వారికి అలవాటు మంచిది కాదు. ఊర్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఎక్కడని అడిగి నింపుకోండి. కాలువ నీళ్లు మాత్రం ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. మనిషికి కనీసం రెండు లీటర్లు, ఎండాకాలం మూడు.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున ఏ మండల కేంద్రంలోనైనా ఇడ్లీ, బోండా దొరుకుతాయి. పాలమూరు దక్షిణాన ఉగ్గాని దొరికితే వదలొద్దు. బత్తాయిలు చెట్టు నుంచి తెంపుకోకండి, గేటు దగ్గర మనిషి ఉంటే అడిగి కొనండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సీజన్ కాయ, మార్చి, ఏప్రిల్‌లో కత్తెర కాయ. రైతు చేతి నుంచి నేరుగా కొన్న కాయకు, బస్టాండు బండి మీద కాయకు రుచిలో చాలా తేడా ఉంది.

మొదటి దారి: ఊరి పక్కనే, పానగల్లు

తొలి ఆదివారమే సాగర్ కాలువకు పోవద్దు. నల్గొండ నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పానగల్లుతో మొదలుపెట్టండి. పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే పురావస్తు మ్యూజియం, కొంచెం అవతల పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోళుల నాటి గుళ్లు ఇవి. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడి లింగం వెనక ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడుతుంది. బయటి స్తంభాలన్నిటి మీదా పడి చెదిరిన వెలుగు లోపల కలిసి ఆ నీడను కడుతుంది. సైకిల్ గోడకు ఆనించి కాసేపు కూర్చుని చూడండి.

తర్వాత ఉదయసముద్రం కట్టకు వెళ్లండి. ఆ కాలంలో తవ్విన చెరువే ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. కృష్ణ నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఇక్కడికి తెస్తారు. మీ సైకిల్ మొరం మీద ఎలా ప్రవర్తిస్తుందో, సీటు ఎత్తు సరిపోయిందో, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయో ఇక్కడే తేల్చుకోండి. ఇంటికి దగ్గర కాబట్టి ఏది తేడా వచ్చినా నడిచి రావచ్చు.

రెండో దారి: హాలియా నుంచి మిర్యాలగూడ, కాలువ వెంట

ఇదే నా దారి. ఎవరడిగినా ముందు దీన్నే చెబుతాను.

నల్గొండ నుంచి హాలియా సుమారు 35 కిలోమీటర్లు. కనగల్ మీదుగా పోయే ఆ రోడ్డు సాగర్ వైపు వాహనాలతో ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. దాని మీద తొక్కడం వల్ల మీకొచ్చేదేమీ లేదు. సైకిల్‌ను ఆటో ట్రాలీలోనో కారు వెనకో వేసుకుని హాలియాకు చేరండి. పొద్దు పొడవకముందే కట్ట ఎక్కాలి.

బయలుదేరే ముందురోజు ఫోన్‌లో మ్యాపు తెరిచి శాటిలైట్ బొమ్మ పెట్టండి. కాలువ నీలి గీతలా, ఒక వైపు పచ్చగా, ఇంకో వైపు గోధుమ రంగులో స్పష్టంగా కనిపిస్తుంది. వేలితో దాని వెంట వెళ్తూ మూడు గుర్తు పెట్టుకోండి: వంతెనలు, బాట ఏ కట్ట మీద ఉందో, ప్రతి ఐదారు కిలోమీటర్లకు కిందికి దిగే దారి. ఆ ముక్క మ్యాపును ఫోన్‌లో దించుకోండి, మధ్యలో సిగ్నల్ పోయే చోట్లున్నాయి.

హాలియా నుంచి నిడమనూరు వైపు సాగుతుంటే 2022 సెప్టెంబరులో కాలువకు గండి పడిన ప్రాంతం వస్తుంది. ఆ రోజు పొలాలు మునిగి, నిడమనూరులోకి నీళ్లొచ్చాయి. కట్ట మీద తవ్వకాలు, కోతలు, మెత్తబడిన అంచులు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దని ఊరి వాళ్లు చెప్పే మాటకు కారణం అదే. ముందుకు పోతే త్రిపురారం మండలంలో పెద్దదేవులపల్లి రిజర్వాయర్. కాలువ ఇక్కడ చెరువులా విప్పారుతుంది. పొద్దున ఏడు గంటలప్పుడు కొంగలు, లకుముకి పిట్టలు, తీగ మీద పాలపిట్ట. సద్ది విప్పడానికి నాకు దీన్ని మించిన చోటు తెలియదు.

ఆ తర్వాత రెండు రకాలుగా ముగించవచ్చు. అలసిపోతే ఊర్ల రోడ్ల మీద నేరుగా మిర్యాలగూడకు దిగండి. ఓపిక ఉంటే కట్ట వెంటే వేములపల్లి దాకా పోండి. అక్కడ కాలువ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు కిందుగా పోతుంది. ఆ నాలుగు వరసల రోడ్డును దాటడం తప్ప దాని మీద తొక్కకండి. హాలియా నుంచి మిర్యాలగూడకు రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. కాలువ వంపులు తిరుగుతుంది కాబట్టి కట్ట మీద అంతకంటే బాగా ఎక్కువ పడుతుంది. గంటకు పది, పన్నెండు కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోవద్దు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల లారీలు తిరుగుతాయి, ఊర్లోకి వచ్చేటప్పుడు అంచున నెమ్మదిగా రండి.

తిరుగు ప్రయాణానికి రైలుంది. మిర్యాలగూడ, నల్గొండ రెండూ బీబీనగర్–నడికుడి లైను మీదే ఉన్నాయి. మీరు ఎక్కే బండిలో సైకిల్ బుక్ చేసే వీలుందో లేదో ముందురోజే స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. మడత సైకిల్ అయితే సంచిలో పెట్టుకుంటే టెన్షన్ లేదు.

నీటి పక్కన ఉన్నామని మరవొద్దు

ఈ భాగం రెండుసార్లు చదవమని నా విన్నపం. కాలువ లోపలి వాలుకు సిమెంటు లైనింగు ఉంటుంది. దాని మీద నాచు. జారి పడ్డ మనిషికి ఈత వచ్చినా పట్టు దొరకదు, పైకెక్కలేడు. ప్రతి ఏటా ఈ కాలువల్లో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. కాళ్లు కడుక్కోవాలన్నా మెట్లున్న రేవు దగ్గరే, అదీ ఒకరు పైన నిలబడి చూస్తుండగానే. ఈత ఆలోచన వద్దు. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లొద్దు.

బాట మీద ఎప్పుడూ నీటికి దూరంగా ఉన్న చక్రాల జాడలోనే తొక్కండి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే పొలం వైపు దిగి నిలబడండి. ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ల దూరం. పది మీటర్ల నైలాన్ తాడు ఒకరి సంచిలో ఉండాలి. ఎవరైనా పడితే వెనకే దూకకండి, తాడు విసరండి, ముందుకు పరుగెత్తి మెట్లున్న చోట అందుకోండి, 112కు ఫోన్ చేయండి. పన్నెండేళ్ల లోపు పిల్లలను కాలువ కట్టకు తీసుకెళ్లొద్దు, వాళ్లకు పానగల్లు చాలు.

షట్టర్ల దగ్గర లస్కర్, అంటే కాలువ నీళ్లు చూసుకునే మనిషి, కనిపిస్తే ఆగి పలకరించండి. ఆ కట్ట మీద ఏం జరుగుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. ఒకసారి నన్ను ఆపి, "తమ్మీ, ముంగట బాట కోసుకపోయింది. వంతెన మీదికెళ్లి అవతలి కట్టకు పో" అన్నాడొక పెద్దాయన. "సరే పెద్దయ్యా" అని మళ్లాను. అవతలి కట్ట నుంచి చూస్తే బాటలో ట్రాక్టర్ పట్టేంత గొయ్యి. కట్టలు నీటిపారుదల శాఖవి, బాట రైతులది. ఎవరైనా ఇటు వద్దంటే వాదించకుండా వెనక్కి తిరగండి. సాగర్ డ్యామ్ దగ్గర పోలీసు కాపలా ఉంటుంది, దాని మీదకు సైకిల్‌తో వెళ్లవచ్చని లెక్క వేసుకోకండి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి. గొర్ల మంద వస్తే కాపరి చెప్పే పక్కన నిలబడండి. గంట కొడితే మంద బెదిరి కాలువ వైపు పోతుంది.

మూడో దారి: పాలమూరు వైపు, కోయిల్‌సాగర్, సరళాసాగర్

కాలువ అలవాటయ్యాక గుట్టలు కావాలనిపిస్తే ఇటు రండి. దేవరకద్ర దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి పల్లె రోడ్ల మీద కోయిల్‌సాగర్‌కు పోవచ్చు. పెద్దవాగు మీద గుట్టల మధ్య నిజాం కాలంలో మొదలుపెట్టి కట్టిన ప్రాజెక్టు ఇది. ఇక్కడ ఎక్కుళ్లు ఉన్నాయి, చిన్న గేరు లేకపోతే రెండు మూడు చోట్ల దిగి నడవాలి. రాయచూరు వైపు పోయే హైవేను వీలైనంత తొందరగా వదిలేయండి.

ఇంకో రోజు కురుమూర్తి గుట్టల వైపు నుంచి మదనాపురం, సరళాసాగర్ తొక్కండి. కార్తీకంలో కురుమూర్తి జాతర ఉంటుంది. ఆ రోజుల్లో దారులన్నీ జనంతో నిండుతాయి కాబట్టి ప్రశాంతంగా తొక్కాలంటే జాతర అయ్యాక రండి. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద కట్టిన సరళాసాగర్‌లో చూడాల్సింది సైఫన్లు. చెరువు నిండి నీటిమట్టం ఒక ఎత్తు చేరగానే, ఎవరూ గేటు ఎత్తకుండానే అవే నీళ్లు లాగి కిందికి వదులుతాయి. 2019 డిసెంబరు 31న ఈ కట్ట తెగింది, తర్వాత మళ్లీ కట్టారు. వానాకాలం చివర సైఫన్లు పనిచేస్తున్నాయని తెలిస్తే ఆ ఆదివారం వేరే పని పెట్టుకోకండి. మదనాపురంలోనే వనపర్తి రోడ్ రైల్వే స్టేషన్ ఉంది, తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది.

జూరాల ఎడమ కాలువ ఆత్మకూరు వైపు బాగుంటుందని కొందరు వెళ్తుంటారు. బాగానే ఉంటుంది, కానీ నీడ తక్కువ. చలికాలానికి దాచుకోండి.

ఇంటికి వచ్చాక

ఎంత అలసినా ఆ రాత్రే టైర్లు రెండూ మెల్లగా తిప్పుతూ వెలుతురులో చూడండి. గాలి పోకుండా సగం దిగిన ముళ్లు కనీసం రెండు మూడు ఉంటాయి. పట్టకారుతో తీసేయండి. తెల్లారేదాకా వదిలేస్తే సోమవారం పొద్దున చక్రం నేలకంటి ఉంటుంది. చైను మీద మొరం దుమ్ము పొడిగుడ్డతో తుడిచి, అప్పుడే నూనె వేయండి. దుమ్ము మీదే నూనె పోస్తే అది ఉప్పుకాగితంలా చైనును అరగదీస్తుంది. బ్రేకు కట్టెల్లో ఇరుక్కున్న గులకరాళ్లు గోరుతో తీయండి. తర్వాత ఒక నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ, కాలువలో నీళ్లున్నాయా లేదా, బాట ఎక్కడ తెగిందో, ఏ వంతెన దగ్గర దిగారో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో బయలుదేరే ముందు ఆ పేజీ తీస్తే చాలు.